గేరు మార్చడం ఓటమి కాదు

ఈ సంచికకు ఏదైనా విదేశీ యాత్రానుభవం రాయమని విద్యార్థి సంఘం మిత్రులు కోరారు. యాత్ర అంటే మ్యూజియాలు, గోపురాలు, ఫోటోలు అనుకునేవారికి ఈ వ్యాసం కొంత నిరాశ కలిగించవచ్చు. నేను రాయబోయేది ఒకే ఒక్క రోజు కొండదారిలో తొక్కిన సైకిల్ గురించి. ఎందుకంటే మన కాలేజీలో నేను చదివిన రోజుల నుంచీ నలుగుతున్న ఒక వాదం ఉన్నది. సాయం తీసుకుని పైకి వచ్చినవాడిది ప్రతిభ అవుతుందా, కాదా? నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాను. అవుతుంది. అంతేకాదు, సాయం అక్కర్లేదని విర్రవీగేవాడి కంటే దాన్ని తెలివిగా వాడుకున్నవాడే ఎక్కువ దూరం పోతాడు. కారణాలు కింద మనవి చేస్తాను. ఒప్పుకోనివారు వచ్చే ఏడు సంచికలో నన్ను ఖండించవచ్చు.

ఫ్రాన్సులో లియాన్ నగరానికి నైరుతి దిక్కున సెంతేతియెన్ అనే ఊరున్నది. మన కొత్తగూడెంలాగా బొగ్గు మీద బతికిన ఊరు. తుపాకులు, రిబ్బన్లు, సైకిళ్లు అక్కడి పాత పరిశ్రమలు. బొగ్గు గనులు మూతబడి చాలా కాలమైంది. ఊరికి దక్షిణాన పిలా కొండలు మాత్రం ఎప్పటిలాగే నిలబడి ఉన్నాయి. ఊరు దాటీదాటగానే రోడ్డు పైకి లేస్తుంది. సుమారు 13 కిలోమీటర్లు ఎక్కితే 1161 మీటర్ల ఎత్తున రిపబ్లిక్ కనుమ వస్తుంది. వంద మీటర్లు ముందుకు పోతే దాదాపు అయిదు మీటర్లు పైకి అన్నమాట. కాగితం మీద ఇది చాలా చిన్న లెక్క. సైకిల్ మీద కూర్చున్నాక గాని దాని బరువు తెలియదు.

మేము ముగ్గురం బయలుదేరాం. నాకు ఆతిథ్యమిచ్చిన అధ్యాపకుడు, ఆయన భార్య, నేను. ఆవిడ రిటైరయిన స్కూలు టీచరు. ఆయనకూ నాకూ గేర్ల సైకిళ్లు. ఆవిడది బ్యాటరీ సైకిల్. మన ఊళ్లో అయితే వెంటనే ఎవరో ఒకరు "మోటారు పెట్టుకుంటే ఇంక తొక్కేదేముందండీ?" అని ఎకసెక్కమాడేవారు. అక్కడ ఎవరూ అనలేదు. నిజానికి ఆ సైకిల్ కట్టుబాట్లు తెలుసుకోదగ్గవి. ఐరోపా నిబంధనల ప్రకారం తొక్కుతున్నంత సేపే మోటారు సాయపడాలి. కాళ్లు ఆపితే అదీ ఆగిపోతుంది. గంటకు 25 కిలోమీటర్ల వేగం చేరితే సాయం నిలిచిపోతుంది. అంటే అది మనిషి కష్టానికి తోడు వస్తుందే గాని, కష్టానికి బదులు రాదు. ఈ ఒక్క ముక్క పాఠకులు గుర్తుంచుకోవాలని నా ప్రార్థన. మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఇక గేరు సంగతి. సైన్సు విద్యార్థులకు ఇది కొత్త కాదు గాని, ఆర్ట్సు మిత్రుల కోసం రెండు ముక్కలు చెబుతాను. పెడల్ దగ్గర 44 పళ్ల చక్రం, వెనక 18 పళ్ల చక్రం ఉంటే, ఒక్క చుట్టు తొక్కితే సైకిల్ సుమారు అయిదు మీటర్లు పోతుంది. చదునులో హాయి. అదే గేరుతో కొండ ఎక్కబోతే మోకాళ్లు మొరాయిస్తాయి. ముందు 28, వెనక 32 పళ్లకు చైను మార్చితే ఒక్క చుట్టుకు రెండు మీటర్లు కూడా పోదు. చుట్లు దాదాపు మూడింతలవుతాయి, ఒక్కొక్క తొక్కుడుకు పడే భారం దాదాపు మూడో వంతుకు దిగుతుంది. కొండ ఎత్తు మారలేదు. చేయవలసిన మొత్తం పనీ తగ్గలేదు. మనిషి మోయగలిగిన ముక్కలుగా అది విడిపోయింది, అంతే. దీన్ని మోసం అంటే మెట్లు కట్టడం కూడా మోసమే. తిరుమల కొండకు మెట్ల దారిన నడిచి వెళ్లినవారిని, కొండ నిలువునా పాకలేదు గనుక మొక్కు చెల్లదని ఎవరైనా అన్నారా?

నవ్వులాటగా ఉన్నా, సరిగ్గా ఇలాంటి మాటే ఒకప్పుడు ఫ్రాన్సులో పెద్ద మనుషులు అన్నారు. సెంతేతియెన్‌లో పోల్ ద వివీ (1853–1930) అనే ఆయన ఉండేవాడు. 'వెలోసియో' అనే కలం పేరుతో ప్రసిద్ధుడు. పట్టు వ్యాపారం చేసినవాడు, శాకాహారి. 1887లో సైకిల్ పత్రిక స్థాపించి, గేర్లు మార్చుకునే సైకిల్ కోసం జీవితమంతా వాదించాడు. మేము ఎక్కుతున్న ఈ కొండే ఆయన ప్రయోగశాల. ఆకలి కాకముందే తినండి, దాహం వేయకముందే తాగండి, గొప్ప కోసం తొక్కకండి అన్న అర్థం వచ్చే సలహాలు యాత్రికులకు ఇచ్చేవాడు. ఆయనకు ఎదుటి పక్షంలో ఉన్నవాడు సామాన్యుడు కాదు. తరువాత టూర్ ద ఫ్రాన్స్ పందేన్ని నడిపిన హెన్రీ దెగ్రాంజ్. 1902లో జరిగిన ఒక పరీక్షలో మార్త్ హెస్ అనే మహిళ మూడు గేర్ల సైకిల్ మీద, ఒకే గేరుతో తొక్కిన పురుష చాంపియన్‌ను కొండదారిలో ఓడించింది. అయినా దెగ్రాంజ్ ఒప్పుకోలేదు. గేర్లు నలభై అయిదేళ్లు దాటినవారికే అన్నాడు. కండబలంతో గెలవాలి గాని యంత్రం కిటుకుతో కాదన్నాడు. 1903లో మొదలైన టూర్ పందెం ఆ మొదటి ఏడే ఈ కనుమ దాటింది. అందులో నేటి తరహా గేర్లను అనుమతించింది మాత్రం 1937లో. అప్పటికి వెలోసియో పోయి ఏడేళ్లయింది. నేడు గేర్లు లేని సైకిల్‌తో టూర్ పందెంలో దిగేవాడెవడూ లేడు. గేర్లు ఉన్నాయి గనుక ఆ విజేతలది ప్రతిభ కాదనేవాడూ లేడు!

దారిలో నా పక్కనుంచే ఆవిడ ముందుకు సాగిపోయింది. ముఖాన చెమట, పెదవుల మీద నవ్వు. పైన దేవదారు జాతి చెట్ల అడవిలో మా కోసం ఆగి, ఫ్లాస్కులో కాఫీ పోసి ఇచ్చింది. అక్కడే వెలోసియో స్మారక శిల ఉన్నది. ఆ కొండల నడినెత్తి మీద ఓ చిత్రం గమనించాలి. ఉత్తరపు వాలున పడ్డ వాన లువార్ నదిలో కలిసి అట్లాంటిక్ సముద్రానికి పోతుంది. దక్షిణపు వాలున పడ్డది రోన్ నదిలో కలిసి మధ్యధరా సముద్రం చేరుతుంది. రెండు చినుకుల మధ్య తేడా ఎంత? ఒక గజం! చినుకుల ప్రతిభలో తేడా ఏమీ లేదు, పడ్డ చోటులోనే ఉన్నది. మన పిల్లల్లో ఒకడు హైదరాబాదు కాన్వెంటులోనూ, ఇంకొకడు ఏకోపాధ్యాయ పాఠశాలలోనూ పడటం ఇలాంటిదే కాదా?

అవతలి వైపు దిగుడు గురించి ఎక్కువ చెప్పను. ఎక్కినవారికి అది జీతం. బూర్గ్ అర్జాంతాల్ మీదుగా అనొనే అనే ఊరికి దిగాం. అక్కడి కాగితం మిల్లు వారసులు మోంగోల్ఫియే అన్నదమ్ములు 1783 జూన్ 4న జనం ఎదుట వేడిగాలి బుడగను ఆకాశంలోకి పంపిన ఊరు అది. సాయంత్రానికి రోన్ నది దాటి, సైకిళ్లతో సహా రైలెక్కి వెనక్కి వచ్చేశాం. మొత్తం 60 కిలోమీటర్లు, కొంచెం అటూ ఇటూ. ముగ్గురం ఒకే కొండ దాటాం. ముగ్గురికీ కాళ్లు నొప్పులే.

ఇక మన సంగతి. ఈ మధ్య కాలేజీకి వచ్చినప్పుడు సాయంత్రం రెమెడియల్ క్లాసు జరుగుతుంటే చూశాను. తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలు ఇంగ్లీషు పాఠం అందుకోవడానికి పెట్టిన క్లాసు. గదిలోకి వెళ్లేవాళ్లు అటూ ఇటూ చూసుకుని, దొంగల్లాగా దూరుతున్నారు. వరండాలో ఇద్దరు ముగ్గురు కిసుక్కున నవ్వారు. ఒక అబ్బాయి ఆ నవ్వు విని వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. ఆ కుర్రవాడి నడక నాకు ఇంకా కళ్లలోనే ఉన్నది.

సాయానికి అలవాటు పడితే సోమరులవుతారు కదా అని కొందరు పెద్దలు అంటారు. కొట్టిపారేయదగిన మాట కాదు. కాని పైన చెప్పిన మోటారును గుర్తు చేసుకోండి. తొక్కనివాడికి అది పనిచేయదు. రెమెడియల్ క్లాసుకు వచ్చినవాడు మిగతావారి పాఠమే చదవాలి, అదే పరీక్ష రాయాలి, పైగా రోజూ ఓ గంట ఎక్కువ కూర్చోవాలి. సోమరిపోతు ఇంత పని నెత్తినేసుకుంటాడా? కొండ తగ్గించమని ఎవరూ అడగడం లేదు. ఎక్కడానికి ఒక గేరు అడుగుతున్నారు. ఇవ్వవలసింది మనం.

అందుచేత విద్యార్థి సంఘానికి నా విన్నపాలు మూడు. ఒకటి, ఆ క్లాసును సాయంత్రం చీకటిపడే వేళ కాక, పట్టపగలు అందరి టైంటేబుల్లో పెట్టించండి. రెండు, దాని పేరు మార్పించండి. రోగానికి మందు ఇస్తున్నట్టున్న పేరు ఎవరికీ గౌరవం కాదు. మూడు, ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లు వారానికో గంట అక్కడ కూర్చుని తోటివారికి చెప్పండి. మీకు పుట్టుకతో చదును రోడ్డు దొరికితే సంతోషమే. అందులో మీ తప్పేమీ లేదు. కాని ఎత్తు ఎక్కుతూ చిన్న గేరుకు మారినవాడిని చూసి నవ్వే హక్కు మాత్రం దానితో రాలేదు.