యాభై ఏళ్ల హిప్‌హాప్: ముసలితనం ఎవరి హక్కు?

యాభై దాటిన రాపర్ ఇక ఏం పాడతాడు? 2023లో హిప్‌హాప్ అర్ధ శతాబ్దం పూర్తి చేసుకున్నప్పటి నుంచి ఈ ప్రశ్న తరచూ వింటున్నాను. నేనైతే మరోలా అడుగుతాను. ఈ కళాకారుల్లో ముసలితనం దాకా బతికే వీలు ఎవరికి ఉంది? అప్పటికి వాళ్ల చేతిలో ఏం మిగులుతోంది?

1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి బడికి వేసుకెళ్లే బట్టల డబ్బు కోసం ఒక పార్టీ పెట్టింది. అక్కడ రికార్డులు తిప్పింది ఆమె సోదరుడు, జమైకా నుంచి వలస వచ్చిన కూల్ హెర్క్. హిప్‌హాప్ పుట్టిన రోజుగా దాన్నే చెప్పుకుంటారు. 2011లో ఆ హెర్క్ జబ్బు పడితే ఆరోగ్య బీమా లేదు, అభిమానులు చందాలు వేసుకోవాల్సి వచ్చింది. 2016లో 'ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్' బృందంలోని ఫైఫ్ డాగ్ మధుమేహంతో 45 ఏళ్లకే పోయాడు. 2019లో జే-జీని ఫోర్బ్స్ బిలియనీర్‌గా ప్రకటించింది.

పేదల కాలనీ నుంచి వచ్చిన నల్లజాతి బిడ్డ తన రికార్డుల మీద హక్కు తానే సంపాదించుకుంటే నాకు సంతోషమే. కానీ ఆ ఒక్కడి వెలుగును చూపించి మిగతావాళ్ల లెక్క దాచేస్తుంది సెలబ్రిటీ సంస్కృతి.

మన దేశంలో ఈ లెక్కకు కులం తోడవుతుంది. 'ఎంజాయ్ ఎంజామీ' రాసి పాడిన దళిత రాపర్ అరివును 2021లో రోలింగ్ స్టోన్ ఇండియా ముఖచిత్రంలో వదిలేసింది. జనం నిలదీశాకే విడిగా ఒక కవర్ వేసింది. ఆ పాట మీద తమలో ఎవరికీ రూపాయి రాలేదని 2024లో సంగీత దర్శకుడు సంతోష్ నారాయణన్ బహిరంగంగా చెప్పాడు. అదే ఏడాది పద్మశ్రీ దర్శనం మొగిలయ్య హైదరాబాద్ శివార్లలో కూలి పనిలో కనిపించారు. ఆయన రాపర్ కాదు, పన్నెండు మెట్ల కిన్నెర కళాకారుడు. సినిమా పాటతో ఇంటింటా తెలిసిన ఆ గొంతుకు పేరొచ్చింది గానీ పూట గడవలేదు.

2012 కాపీరైట్ సవరణ గేయ రచయితకు, స్వరకర్తకు వదులుకోవడానికి వీల్లేని రాయల్టీ హక్కు ఇచ్చింది. చట్టం ఉంది, దాన్ని అడిగి తీసుకునే బలమే మనవాళ్ల దగ్గర లేదు.

అందుకే బస్తీల్లో, హాస్టళ్లలో రాప్ రాస్తున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక్క మాట: పాట బయటికి రాకముందే మీ పేరు, మీ వాటా కాగితం మీద పెట్టించండి. మన సంఘాలు కూడా శాలువాలు కొనే డబ్బుతో ముందు ఒక వకీలును పెట్టాలి.