పొత్తు కుదిరిందట!
పుకారు మీద భూముల బేరాలు చేవెళ్ల, మొయినాబాద్‌ వాసులకు కొత్త కాదు. 1996 నాటి 111 జీవో 84 గ్రామాల్లో నిర్మాణాలకు కళ్లెం వేస్తే, అదిగో ఎత్తేస్తున్నారు, ఇదిగో ఎత్తేశారంటూ పాతికేళ్లు ధరలు ఎగిరాయి, పడ్డాయి. ఆ అలవాటే ఇప్పుడు డీమ్యాట్ ఖాతాల్లోకి పాకింది. కంచన్‌బాగ్‌లోని మిధానినే తీసుకోండి. రాకెట్లకు, క్షిపణులకు ప్రత్యేక లోహాలు చేసే ఈ ప్రభుత్వ సంస్థ 1973లో పుట్టి, 2018లో షేరు 90 రూపాయలకు జనంలోకి వచ్చింది. ఇక ఫలానా విదేశీ విమాన ఇంజిన్ల కంపెనీతో పొత్తట అని ఎవరన్నా అంటే చాలు, కొనేవాళ్లు తయారు. పొత్తు నిజమైనా సరే, ఆగి చూడాలి. 2019లో మిధాని, ప్రభుత్వ అల్యూమినియం సంస్థ నాల్కోతో కలిసి నెల్లూరు జిల్లాలో అల్యూమినియం కర్మాగారానికి ఉమ్మడి కంపెనీ పెట్టారు. తర్వాతి ఐదేళ్లలో అక్కడ ఉత్పత్తే మొదలు కాలేదు. విమానంలోకి వెళ్లే లోహాన్ని కరిగించి పోస్తే సరిపోదు. నమూనాలు, పరీక్షలు, ధ్రువీకరణలకే ఏళ్లు పడతాయి. ఆర్డరు ఆ తర్వాత, లాభం ఇంకా తర్వాత. జీవో కదలకపోయినా చేవెళ్ల నేలలో కూరగాయలు పండుతాయి, షేరుకు ఆ వసతి లేదు. అవగాహన ఒప్పందం కొనుగోలు ఆర్డరు కాదు. ఎక్స్ఛేంజీకి కంపెనీ స్వయంగా ఇచ్చిన ప్రకటన, చేతిలో ఉన్న ఆర్డర్ల విలువ చదివాకే డబ్బు పెట్టండి. చదివే ఓపిక లేకపోతే ఆ షేరు జోలికి పోకండి.