పీకిన పన్ను చెప్పిన పాఠం

పిల్లలూ! నా పై దవడలో కుడివైపున ఒక పన్ను లేదు. అది పుచ్చి ఊడిపోలేదు. నిక్షేపంలాంటి పన్ను. దాన్ని నేనే డబ్బిచ్చి పీకించుకున్నాను!

చాలా ఏళ్ళ కిందట ఒక చలికాలంలో నాకు జలుబు చేసింది. జలుబు తగ్గుముఖం పట్టింది గాని, పై దవడలో నొప్పి మొదలయింది. పంటినొప్పి అని నాకు నేనే పేరు పెట్టేసుకున్నాను. "ఈ పన్ను పీకెయ్యండి" అని వేలితో చూపించాను కూడా. ఆయన పీకేశారు. జలుబు సంగతి నేను చెప్పలేదు, ఆయన అడగలేదు. ఎక్స్‌రే తీయలేదు. పన్ను పోయింది, నొప్పి మిగిలింది.

తరవాత చూసిన దంతవైద్యురాలు ఏం చేశారో వినండి. "వంగితే నొప్పి ఎక్కువవుతోందా? ఒక్క పన్నా, వరసగా మూడు నాలుగా?" అని అడిగారు. చిన్న అద్దం పిడితో ఒక్కొక్క పన్నునూ మెల్లగా తట్టి చూశారు. చల్లదనం తగిలించి చూశారు. ఎక్స్‌రే తీయించారు. అప్పుడుగాని చెప్పలేదు, జబ్బు పంటిలో లేదు, సైనస్‌లో ఉందని.

ఇందులో వింతేమీ లేదు. చెంప లోపల ఎముకలో సైనస్ అనే గాలి గది ఉంది. పై దవడ పళ్ళ వేళ్ళకూ, ఆ గది నేలకూ మధ్య పలచని ఎముక మాత్రమే అడ్డు. రెండింటి కబుర్లనూ మెదడుకు చేర్చేది అయిదవ కపాల నాడే. ఒకే తీగ మీద రెండిళ్ళ కబుర్లు వస్తే ఏది ఎవరిదో పోల్చుకోవడం కష్టం గదా! గుండెపోటు నొప్పి కూడా కొందరికి కింది దవడలో తెలుస్తుంది. కనుక నొప్పి ఉన్నచోటే జబ్బు ఉండాలని లేదు.

పోయింది ఒక పన్నే గనుక నవ్వుకుంటున్నాను. అన్నిసార్లూ నవ్వుకోవడానికి వీలుండదు.

నా దగ్గర పదో తరగతి చదివిన ఒక అమ్మాయి ఉండేది. వాళ్ళక్క ఎనిమిదో నెలలో పురిటికి పుట్టింటికి వచ్చింది. కాళ్ళు వాచాయి. "కడుపుతో ఉన్నప్పుడు మామూలే" అన్నారు ఇరుగుపొరుగు. తలనొప్పి వచ్చింది. "ఎండకు" అన్నారు. కళ్ళ ముందు మిణుగురులు కనిపిస్తున్నాయంటే "నీరసం" అన్నారు. మూడు లక్షణాలకు మూడు పేర్లు! మూడింటినీ కలిపి చూసినవారు లేరు.

ఆ వారమే తరగతిలో ప్రోటీన్ల పాఠం. గుడ్డు తెల్లసొనను నీళ్ళలో కలిపి, పరీక్షనాళికలో వేడిచేసి చూపించాను. తేటగా ఉన్నది తెల్లగా గడ్డకట్టింది. మూత్రంలో అల్బుమిన్ ఉందేమో తెలుసుకోవడానికి ఒకప్పుడు ఇలాగే వేడిచేసి చూసేవారని చెప్పాను. గర్భిణులకు వచ్చే మూర్ఛలను మన పెద్దలు గుర్రపువాతం అంటారు. అవి వచ్చినవారి మూత్రంలో అల్బుమిన్ ఉంటుందని 1843లో లండన్ గైస్ ఆస్పత్రి వైద్యుడు జాన్ లీవర్ గుర్తించాడు. ముందుగా కనిపించే లక్షణాలు వాపు, తలనొప్పి, చూపు తేడా అని బోర్డు మీద రాస్తుండగానే ఆ పిల్ల లేచి నిలబడింది.

ఆ సాయంత్రమే అక్కను ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళారు. రక్తపోటు 170/110. మూత్రంలో అల్బుమిన్. 108 వాహనంలో పెద్దాసుపత్రికి పంపారు. అక్కడ మూర్ఛ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ ఇచ్చారు. ఈ మందు మూర్ఛ ముప్పును సగానికి తగ్గిస్తుందని 2002లో వెలువడిన మాగ్‌పై పరిశోధన తేల్చింది. తల్లీ బిడ్డా దక్కారు.

ఆ పాఠం మరో వారం తరవాత చెప్పి ఉంటే? ఒక మనిషి ప్రాణం నా టైంటేబుల్ మీద ఆధారపడకూడదు గదా!

వాపు చూడగానే జబ్బు అనడం తప్పు. చాలామంది గర్భిణులకు ఏ జబ్బూ లేకుండానే కాళ్ళు వాస్తాయి. మామూలే అని కొట్టిపారేయడమూ తప్పే. రెండూ ఊహలే. కొలిస్తేగాని నిజం తెలియదు. 20 వారాలు దాటిన గర్భిణి రక్తపోటు 140/90 గాని, అంతకు మించి గాని ఉంటే వైద్యులు ఊరుకోకూడదు, ఇంటివాళ్ళూ ఊరుకోకూడదు.

"ప్రతిదానికీ పరీక్షలంటే ఖర్చు గదా!" అని మీ నాన్నగారు అనవచ్చు. నిజమే. అన్ని పరీక్షలూ చేయించమని నేను అనడం లేదు. అడగడానికి, చూడడానికి, తట్టడానికి ఖర్చేముంది? రక్తపోటు కొలవడానికి కొద్ది నిమిషాలు చాలు. ప్రతినెలా 9వ తేదీన ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో గర్భిణులను ఉచితంగా పరీక్షించే పథకం 2016లో మొదలయింది.

మరి మీరేం చేయాలి? వైద్యుల దగ్గరికి వెళితే జబ్బు పేరు చెప్పకండి, లక్షణాలు చెప్పండి. ఎప్పుడు మొదలయింది, ఏం చేస్తే ఎక్కువవుతోంది, దానికి ముందు ఏం జరిగింది అన్నీ చెప్పండి. ఇంట్లో గర్భిణి ఉంటే ఆమె కార్డు తెరిచి చూడండి. రక్తపోటు గడి ఖాళీగా ఉంటే ఎందుకని అడగండి. అడగడం అమర్యాద కాదు.

ఫలితం ముందు రాసేసి, ప్రయోగం తరవాత చేసేవాళ్ళకు నేను మార్కులు వేయనని మీకు తెలుసు. నా పన్ను విషయంలో నేను చేసిందీ అదే. ఆ లెక్కన నాకు వచ్చింది సున్నాయే!