సబర్‌కు ఉమర్ పడుతుంది

మన చందూర్‌లో, బోధన్‌లో ఏ ఇంట విన్నా ఒకటే షికాయత్: "ఈ పోరగాళ్లకు సబర్ లేదు, జర ఏమన్నా గుస్సా." పక్కనున్న దాదీమాను చూపించి, "ఆమెను చూసి నేర్చుకో" అంటాం. ఇది ఇన్సాఫ్ కాదంటాను నేను.

గుస్సా, ఖౌఫ్ వచ్చినప్పుడు దిమాగ్‌లో ముందుగా ఉలిక్కిపడేది అమిగ్డాలా. అది చిన్నప్పటి నుంచే పనిచేస్తుంది. దానికి లగాం వేసే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ నుదుటి వెనుక ఉంటుంది. అది పూర్తిగా ఎదగడానికి దాదాపు 25 ఏళ్లు పడుతుంది. అందాకా లగాం మన చేతుల్లోనే. పసిబిడ్డకు అది అమ్మీ ఒడి, పదిహేనేళ్లవాడికి అబ్బా నెమ్మది. బుఢాపాలో మిగిలిన వక్త్ తక్కువని తెలిసి, మనసు తరచూ రంజ్ వదిలి మొహబ్బత్ వైపు మొగ్గుతుందని స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ లారా కార్‌స్టెన్సన్ అంటారు.

అలాగని బుజుర్గులకు గమ్ ఉండదని కాదు. 2015 డిసెంబర్‌లో బోధన్ షక్కర్ ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు రోజీ పోయిన మజ్దూర్లలో ఎందరో ఇప్పుడు మన ఇళ్లలో బుజుర్గులు. వాళ్ల ఖామోషీని సబర్ అని తారీఫ్ చేసి ఊరుకోవద్దు. పక్కన కూర్చొని హాల్ అడగాలి.

గుస్సా వస్తే నిలబడ్డవాడు కూర్చోవాలి, అప్పటికీ తగ్గకపోతే పడుకోవాలి అని ప్రవక్త (స) తాలీమ్. అది బచ్చాలకే కాదు, వాళ్ల మీద అరిచే మనకు కూడా. ముందు మనం కూర్చుందాం. బేటా చూసి నేర్చుకుంటాడు.