మెయిల్ మీద పేరు ఒకరిది, పంపింది ఇంకొకరు

గల్ఫ్‌లో ఉద్యోగం ఖాయం, వీసా ఖర్చులు ముందే కట్టండి అంటూ ఒక మెయిల్ వస్తుంది. అడ్రస్ చూస్తే ఏదో పేరున్న కాలేజీదో, ట్రస్టుదో. నకిలీ అని కొట్టేయడానికీ లేదు, ఎందుకంటే అది నిజంగానే ఆ సంస్థ సర్వర్ నుంచే బయల్దేరింది. గొడవ బయటపడగానే మేనేజ్‌మెంట్ చేసే మొదటి పని, మెయిల్ మీద ఏ క్లర్క్ పేరుందో ఆయనకు మెమో ఇవ్వడం. చాలాసార్లు పొరపాటు ఇక్కడే జరుగుతుంది.

'ఫ్రమ్' దగ్గర కనిపించే పేరు కవరు మీద రాసే పేరు లాంటిది. ఎవరైనా ఏదైనా రాసుకోవచ్చు. అసలు సంగతి సర్వర్ లాగ్‌లో ఉంటుంది. చాలా సంస్థలు వాడే పోస్ట్‌ఫిక్స్‌లో ప్రతి మెయిల్‌కూ ఒక క్యూ నంబర్ పడుతుంది. ఆ నంబర్ పట్టుకుని వెతికితే, ఏ ఖాతాతో లాగిన్ అయ్యారో, ఏ ఐపీ అడ్రస్ నుంచి వచ్చారో దొరుకుతుంది. రోజుకు పది మెయిల్స్ పంపే ఖాతా అర్ధరాత్రి మూడు దేశాల ఐపీల నుంచి వేలల్లో పంపుతుంటే పాస్‌వర్డ్ చోరీ అయినట్టే. లాగిన్ పేరే లేకుండా సర్వర్ లోపలి నుంచే మెయిల్స్ పుడుతుంటే మాత్రం వెబ్‌సైట్‌ను అనుమానించాలి. ఏళ్ల తరబడి అప్‌డేట్ చేయని కాంటాక్ట్ ఫారం ఒక్కటి చాలు. అప్పుడు స్టాఫ్ అందరి పాస్‌వర్డ్‌లు మార్చినా ఫలితం సున్నా.

జీమెయిల్‌కు రోజుకు 5,000కు పైగా మెయిల్స్ పంపేవాళ్లకు 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ తప్పనిసరి చేసింది. మంచిదే. కానీ ఇవన్నీ మెయిల్ ఆ డొమైన్‌దేనా అని మాత్రమే చూస్తాయి. తాళంచెవే దొంగ చేతిలో ఉంటే ఈ పరీక్షలన్నీ దర్జాగా పాసవుతాయి. తర్వాత సర్వర్ ఐపీ స్పామ్‌హాస్ లాంటి బ్లాక్‌లిస్టుకెక్కుతుంది. స్కాలర్‌షిప్ గడువు గురించి విద్యార్థికి పంపిన అసలు మెయిల్ తిరిగొచ్చేస్తుంది. ఆ సంగతి తెలిసేసరికి తేదీ దాటిపోతుంది.

పాస్‌వర్డ్ మార్చేసి చేతులు దులుపుకుంటే కుదరదు. క్యూలో మిగిలిన స్పామ్ పోతూనే ఉంటుంది. దొంగ పెట్టిన ఫార్వర్డింగ్ రూల్ అలాగే ఉంటుంది. క్యూ ఖాళీ చేసే తొందరలో సాక్ష్యం కూడా చెరిపేస్తారు కొందరు, అది ఇంకా ఘోరం.

సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి ఘటనను 6 గంటల్లో తెలియజేయాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి. అయితే చాలా లినక్స్ సర్వర్లలో మామూలు సెట్టింగ్ నాలుగు వారాలకే పాత లాగ్‌లను తీసేస్తుంది. ఎవరూ దాన్ని ముట్టుకోరు. విచారణ రెండో నెలలో మొదలైతే, మెమో అందుకున్న క్లర్క్ తన తప్పేమీ లేదని చూపించుకోవడానికి ఆ సర్వర్‌లో ఒక్క లైన్ కూడా మిగలదు.