భూమికి మార్కులేసే ముందు

నగరం వదిలేద్దామనుకునే మిత్రులు నన్ను తరచూ అడుగుతుంటారు: "మీ సిక్కోలులో రెండెకరాలు కొనుక్కుని, కరెంటుతో, కుళాయితో పనిలేకుండా బతకొచ్చా?" ఎకరం ధర, బోరు లోతు, వానలు, సోలార్ ప్యానెళ్లు అంటూ చేతిలో ఒక జాబితా. హిరమండలం దగ్గర 2018లో మొదలైన కూర్మ గ్రామాన్ని చూసొచ్చిన వాళ్లకి ఈ ముచ్చట మరీ ఎక్కువ. అక్కడివాళ్లు తమ నమ్మకం కొద్దీ కరెంటు వద్దనుకున్నారు. వాళ్లతో నాకు పేచీ లేదు. నా పేచీ ఆ జాబితాతోనే. నీళ్లెవరు మోస్తారన్న ప్రశ్న అందులో లేదు.

ఉద్దానాన్నే తీసుకోండి. కొబ్బరి, జీడి తోటలు, సముద్రపు గాలి. జాబితా ప్రకారం మంచి మార్కులే. కానీ కవిటి, సోంపేట, పలాస పల్లెల్ని ఏళ్ల తరబడి కిడ్నీ జబ్బు తినేస్తోంది. కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. తాగునీటి మీద అనుమానంతోనే 2023 డిసెంబరులో హిరమండలం జలాశయం నీటిని పైపుల్లో అక్కడికి తెచ్చారు. ఆ ఆడవాళ్లకి కావలసింది సొంత బోరు కాదు, నమ్మదగిన ఊరుమ్మడి కుళాయి. డయాలసిస్ యంత్రం కరెంటు లేకుండా తిరగదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తోటల్ని కూల్చి ఊళ్లని చీకట్లో ముంచినప్పుడు దాన్నెవరూ స్వేచ్ఛ అనలేదు.

సాలూరు కొండల మీద గిరిజన స్త్రీలు కోరుకోకుండానే ఈ బతుకు బతుకుతున్నారు. ఊటనీళ్లకి నడక, కట్టెల మోపు, నొప్పులొస్తే డోలీ. వాళ్లు బతికితే వెనకబాటు, మనం కొనుక్కుంటే ప్రకృతి జీవనమా?

భూమికి విలువ కట్టడం అమాయకమైన పనేం కాదు. సోంపేట బీలని పనికిరాని నేలగా లెక్కగట్టి థర్మల్ కేంద్రానికి రాసిచ్చారు. ఆ చిత్తడి నేల మీద గడ్డి కోసుకుని, చేపలమ్ముకుని బతికే ఆడవాళ్లు ఏ లెక్కలోకీ రాలేదు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు పర్యావరణ అనుమతి రద్దయింది.

అందుకే నన్ను అడిగేవాళ్లని నేనూ అడుగుతున్నాను. పట్టా ఎవరి పేరున? నీళ్లూ కట్టెలూ ఎవరి వంతు? అర్ధరాత్రి నొప్పులొస్తే ఆసుపత్రి ఎంత దూరం? ఆమె వెళ్లిపోతానంటే చేతిలో ఏం మిగులుతుంది? వీటికి జవాబు చెప్పండి. ఆ తర్వాతే బోరు లోతు గురించి మాట్లాడుకుందాం.