చేపల తొట్టెలో నీళ్ళు

మూడేళ్ళ క్రితం వేసవి సెలవుల్లో పిల్లలు పట్టుబట్టగా మా ఇంటికి ఒక గాజు తొట్టె వచ్చింది. అరవై లీటర్లు పడుతుంది. అందులో పది నియాన్ టెట్రాలు, నాలుగు గప్పీలు వేశాము. చేపలు పెంచే ఇండ్లలో తరచు జరిగే పొరపాటే మేమూ చేశాము గనుక దాచకుండా వ్రాస్తున్నాము.

మాది బోరునీరు. పరీక్ష చుక్కలు వేసి రంగు పోల్చి చూస్తే పి.హెచ్. 8 అని తేలింది. దుకాణంలో అడిగితే 7 ఉండాలని చెప్పి, తగ్గించే మందు సీసా ఒకటి ఇచ్చారు. సాయంత్రం పోస్తే 7కు దిగింది. తెల్లవారేసరికి మళ్ళీ 8కి వచ్చింది. మళ్ళీ పోశాము. మూడవ రోజు ఉదయం చూస్తే ఆరు టెట్రాలు అడుగున పడి ఉన్నాయి. మా చిన్నమ్మాయి ఆ పూట అన్నం ముట్టలేదు.

పి.హెచ్. కొలతను 1909లో డెన్మార్కు శాస్త్రవేత్త సోరెన్‌సెన్ ప్రవేశపెట్టాడు. 7 కంటె తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. 8 నుండి 7కు ఒక్క మెట్టే గదా అనుకున్నాము. కాని ఒక్కొక్క మెట్టుకు ఆమ్లత్వం పదింతలు మారుతుందట! ఆ చిన్న ప్రాణులను మూడు రోజులపాటు ఆ మెట్లు ఎక్కించి దించింది మేమే.

మరి పోసిన మందు ఏమైనట్లు? నీళ్ళు కాచే గిన్నెకు తెల్లగా పొర కడుతుంది చూడండి, ఆ పొరకు మూలమైన బైకార్బొనేట్లు బోరునీటిలో కరిగి ఉంటాయి. మందులోని ఆమ్లాన్ని అవి మ్రింగివేస్తాయి. అప్పుడు పుట్టే బొగ్గుపులుసు వాయువు నీటిలో ఉన్నంతసేపు పి.హెచ్. తక్కువ చూపుతుంది. గాలి బుడగలతో అది వెళ్ళిపోగానే మళ్ళీ పైకి వస్తుంది. బోరునుండి అప్పుడే పట్టిన నీటిలోనూ ఈ వాయువు ఉంటుంది. అందుకే బకెట్టులో ఒక రాత్రి ఉంచిన తరువాతనే కొలవాలి.

అంకె కంటె నిలకడ ముఖ్యమని ఇప్పుడు మా అభిప్రాయం. గప్పీలకు, మోలీలకు కఠిన జలమే ఇష్టం. నియాన్ టెట్రాలు అమెజాన్ ప్రాంతపు మెత్తని నీటివి. చేపకు తగినట్టు నీటిని మార్చడం కంటె నీటికి తగిన చేపను తెచ్చుకోవడం తేలిక. తప్పదనుకుంటే బోరునీటిలో కొంత ఆర్.ఓ. నీరుగాని శుభ్రమైన వాననీరుగాని కలపవచ్చు. అయితే ఆ కలపడం బకెట్టులో జరగాలి, తొట్టెలో కాదు. ఉత్త ఆర్.ఓ. నీరే పోస్తే పి.హెచ్.ను నిలిపేదేమీ ఉండదు. అందంకోసం వేసే గవ్వలు, సున్నపురాళ్ళు కూడా పి.హెచ్. పెంచుతాయి. రాయిమీద వెనిగర్ చుక్క వేసి చూడండి, నురగ వస్తే తొట్టెలో వేయకండి. స్నానాల గది కడిగే ఆసిడ్ మాత్రం ఎవరు చెప్పినా పోయవద్దు. ఏ ఆమ్లపు సీసానైనా పిల్లలకు అందని అరలో పెట్టండి.

అశ్రద్ధవల్ల వచ్చే ప్రమాదం ఇంకొకటి ఉంది. నెలల తరబడి నీళ్ళు మార్చకపోతే చేపల విసర్జనలోని అమ్మోనియాను మార్చే బాక్టీరియా ఆ బైకార్బొనేట్లను ఖర్చు చేసేస్తుంది. పి.హెచ్. మెల్లగా 6కు పడిపోతుంది. అప్పుడు బాక్టీరియా మందగించి అమ్మోనియా పేరుకుంటుంది గాని, ఆమ్లపు నీటిలో అది అంత హాని చేయని రూపంలో ఉంటుంది. ఇంతలో ఎవరో చుట్టాలు వస్తున్నారని సగం తొట్టె ఖాళీ చేసి క్రొత్త బోరునీరు నింపుతాము. పి.హెచ్. పైకి ఎగురుతుంది, అదే అమ్మోనియా విషమవుతుంది. 7 దగ్గర ఉన్నదానికి 8 దగ్గర ఆ విషపు పాలు సుమారు పదింతలు. సాయంత్రానికి చేపలు తేలితే "శుభ్రం చేస్తేనే చచ్చిపోయాయి" అంటారు. అలాంటి తొట్టెకు రోజుకు పదోవంతు చొప్పున కొన్నాళ్ళు మార్చడం క్షేమం.

మేము శనివారం రాత్రి బకెట్టు నింపి పెట్టి, మరునాడు సాయంత్రం పదిహేను లీటర్లు మారుస్తాము. కుళాయినీరు వాడేవారు క్లోరిన్ పోయే మందు కూడా కలపాలి. మిగిలిన నాలుగు టెట్రాలు మరో ఏడాది బ్రతికాయి. గప్పీలు ఎన్ని పిల్లలు పెట్టాయో లెక్క మా చిన్నమ్మాయి దగ్గరే ఉంది. పి.హెచ్. ఇప్పటికీ 8.